పిలుపులమ్మ సగం లేచి ఉండడానికి కారణం

మాకలేరు రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట, ఆ పాయల నడుమ ఉన్న రాతిగుట్టే కొలువుపాడు. ఉత్తరపు పాయ దాటితే ఒక రాష్ట్రం, దక్షిణపు పాయ దాటితే ఇంకో రాష్ట్రం. మాఘమాసంలో పొద్దుపొడిచే వేళ వచ్చే భక్తులకు గుట్ట కనిపించదు. మంచులో నడుస్తూ ఉండగా కాళ్ళ కింద నీళ్ళు పోయి రాయి తగులుతుంది. అప్పుడు గాని చేరామని తెలియదు. పైన గోపురం లేదు, తలుపులున్న గర్భగుడి లేదు. ఇరవై మూడు చదును రాళ్ళు గుండ్రంగా పరిచి ఉంటాయి, వాటి మధ్య పిలుపులమ్మ. ఎడమ చేయి నేలకు ఆన్చి, ఒక మోకాలు ఎత్తి, కూర్చున్నదీ కాదు, నిలుచున్నదీ కాదు అన్నట్టు ఉంటుంది. "అమ్మ ఎక్కడికో బయలుదేరినట్టుందే?" అని కొత్తవాళ్ళు పూజారిని అడుగుతారు. చెప్పి చెప్పి ఆయనకు విసుగొచ్చింది గనుక, ఆ సంగతి రాసిపెట్టమని ధర్మకర్తలు నాకు అప్పగించారు. ముప్పై ఏళ్ళు మండలాఫీసులో సరిహద్దు పటాలు చూసినవాణ్ణి. మాకలనాడు అనే పేరు నాకు ఏ పటంలోనూ దొరకలేదని ముందే ఒప్పుకుంటున్నాను.

పూర్వం ఇక్కడ ఆ పేరుతో ఒక నాడు, అంటే ఊళ్ళ కూటమి, ఉండేది. ఏటికి ఉత్తరాన పన్నెండు ఊళ్ళు, దక్షిణాన పదకొండు, నడుమ కొలువుపాడు. దానికి కోట లేదు, కోటలో దొర లేడు. ఏటా మాఘంలో ఊరికొక పెద్ద వచ్చి ఈ గుట్ట మీద కొలువుతీరేవారు. నీటి వంతులు, మేత బీళ్ళు, గట్ల తగవులు అన్నీ అక్కడే తేలేవి. కొలువు మొదలయ్యే ముందు పిలుపరి అనే ఉద్యోగి ఊళ్ళ పేర్లు వరసగా పిలిచేవాడు. పిలిచిన ఊరి పెద్ద "ఉన్నాం" అనాలి. ఒక్క ఊరు పలకకపోయినా ఆనాటి తీర్పు చెల్లదు. కొలువుపాడును మాత్రం ఎవరూ పిలిచేవారు కాదు. అందరూ కూర్చున్నదే ఆ ఊళ్ళో, పిలిచేవాడిదే ఆ ఊరు. ఇంటివాళ్ళను భోజనానికి రమ్మని ఎవరైనా పిలుస్తారా?

అలా నలభై ఏళ్ళు పిలిచినవాడు ఓబళయ్య. ఆయనకు ఒక్కతే కూతురు, చెంచక్క. తల్లి లేని ఆ పిల్లను దక్షిణపు గట్టున ఉన్న మేడిచెర్లకు ఇచ్చాడు.

ఆ రోజుల్లో ఇద్దరు రాజులు ఏళ్ళ తరబడి యుద్ధం చేసి అలిసిపోయి, మాకలేరు సరిహద్దని ఒప్పుకున్నారు. ఇద్దరి రాయసగాళ్ళూ తాటాకులు పట్టుకుని గుట్ట ఎక్కారు. ఊళ్ళు ఏవేవో చెప్పమని ఓబళయ్యను అడిగారు. ఆయన కళ్ళు మూసుకుని, కొలువులో పిలిచే వరసలోనే గడగడ చెప్పేశాడు. వాళ్ళు రాసుకున్నారు, ముద్రలు వేశారు, వెళ్ళిపోయారు. ఇరవై మూడు పేర్లే చెప్పానని ఆయనకు తట్టనే లేదు. నోటికి వచ్చిన పాఠంతో వచ్చే చిక్కే అది.

ఆ మాఘంలో చెంచక్క నిండు నెలలతో పురిటికి పుట్టింటికి బయలుదేరింది. రేవులో తిప్పన అనే కావలివాడు అడ్డం నిలిచాడు.

"యా ఊరికి పోతావమ్మా?"

"కొలువుపాడుకు. మా నాయనింటికి."

తిప్పన రాజముద్ర ఉన్న ఊళ్ళ పట్టీ చదివించుకుని తల అడ్డంగా ఊపాడు. "ఆ పేరున్న ఊరు మా పట్టీలో లేదు తల్లీ. అవతలోళ్ళ పట్టీలో కూడా లేదంట. లేని ఊరికి నిన్నెట్ల పంపేది?"

ఓబళయ్య పరుగున పోయి రెండు గట్ల అధికారులనూ బతిమాలాడు. రాజముద్ర పడిన ఆకు మీద ఇంకో అక్షరం చేరదని ఇద్దరూ ఒకే మాట అన్నారు. యుద్ధం ముగిశాక వాళ్ళు ఏకమైన విషయం బహుశా అదొక్కటే. నడి పాయలో నిలబడి చూస్తే అవతల కూతురు ఇసుకలో కూర్చుని నడుము పట్టుకుని ఉంది. తన నోటితోనే తన బిడ్డకు పుట్టిల్లు లేకుండా చేశానని ఆయన కుమిలిపోయాడు.

మూడు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాటి మధ్యాహ్నం గుట్ట మీద రాతికి ఆనుకుని కూర్చుంటే కన్ను అంటుకుంది. కలలో కొలువు నిండుగా తీరి ఉంది. తాను పేర్లు పిలుస్తున్నాడు. పలికిన ఊరల్లా లేచి మెల్లగా ఏటి మీది పొగమంచులోకి నడిచిపోతోంది. అన్నీ వెళ్ళిపోయాక నడుమ నేల మీద ఒక ఆడమనిషి మిగిలింది. చెవి దగ్గర చేయి పెట్టుకుని, ఎంతో ఓపికగా కూర్చుని ఉంది.

"నువ్వెవరమ్మా? ఇంకా లేవకుండా ఉండావే?" అన్నాడు.

"నువ్వు పిలవందే ఎట్ల లేసేది? నలభై ఏండ్లుగా కూచోనే ఉండా కదరా" అంది ఆమె. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆయనకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున, ఏరు కనిపించనంత మంచులో, ఓబళయ్య గుట్ట మీద నిలబడి పేర్లు అందుకున్నాడు. ఆ గొంతు విని రెండు గట్ల జనమూ నీళ్ళ దాకా వచ్చారు. తామిప్పుడు ఇద్దరు రాజుల కిందివాళ్ళమని మరిచిపోయి, అలవాటు కొద్దీ "ఉన్నాం, ఉన్నాం" అని పలికారు. ఇరవై మూడూ అయ్యాయి. ఆయన ఊపిరి పీల్చుకుని, పిలుపరి ఎన్నడూ పిలవని పేరు పిలిచాడు: "కొలువుపాడూ!"

ఎవరూ పలకలేదు. ఆ పేరుకు పలికే అలవాటు ఎవరికీ లేదు. అప్పుడు దక్షిణపు గట్టు నుంచి, నొప్పులు పడుతున్న గొంతొకటి వినిపించింది.

"ఉండా నాయనా!"

తిప్పన ఈటె పక్కన పెట్టాడు. "పిలిస్తే పలికిన ఊరిని లేదని నేనెట్ల అనేది?" అని, తానే ఆమె చేయి పట్టుకుని పాయ దాటించాడు. పొద్దెక్కేలోగా పుట్టింట్లో చెంచక్కకు ఆడపిల్ల పుట్టింది. కల వచ్చిన చోట, నిన్నటిదాకా లేని శిల ఒకటి కనిపించింది. ఆ శిలలో ఉన్నది ఇప్పుడు మీరు చూస్తున్న అమ్మవారే. పిలుపు విని లేవబోతున్న రూపమది.

తరువాత ఇద్దరు అధికారులూ ఆ ఊరిని తమ పట్టీలో చేర్చుకోవాలని తగువులాడి, ఎదుటివాడికి దక్కకూడదని ఎవరూ చేర్చుకోలేదు. అందువల్ల ఈ గుట్ట మీద ఏ రాజు కావలీ నిలవలేదు. ఆ రాజ్యాలు పోయాయి, ఆ తరువాతి జిల్లాలూ పోయాయి. మాకలనాడు మాత్రం ఏటా మాఘంలో ఒక్క పూట ఉంటుంది.

ఆ పూట చెంచక్క వంశపు ఆడపడుచు పేర్లు పిలుస్తుంది. అన్నీ అయ్యాక, పుట్టిల్లు మిగలని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ ఊరి పేరు పిలుస్తారు. ఆ ఊరు ఎక్కడిదైనా సరే, కొలువంతా పలుకుతుంది. మా అత్తగారు పోయి ఆ ఇంటికి తాళం పడిన ఏడాది నా భార్య కూడా వెళ్ళింది. సిగ్గుపడుతూ తన ఊరి పేరు గొణిగింది. ఇరవై నాలుగు ఊళ్ళవాళ్ళు "ఉన్నాం, రామ్మా" అన్నారు. రవికెగుడ్డ, పసుపు కుంకుమ, దోసెడు చలిమిడి ఒళ్ళో పెట్టారు. చలిమిడి తింటూ ఆమె ఏడ్చిన ఏడుపు చూసి నేనూ ఏడ్చాను.

ఇక్కడ మొక్కినవారికి సుఖప్రసవమవుతుందని, విడిపోయిన అన్నదమ్ములు కలుస్తారని పెద్దలు చెబుతారు. పుట్టింటి గడప లేని ఆడబిడ్డలారా, మాఘంలో రండి. మీ ఊరి పేరు చెప్పండి. పలకడానికి మేమున్నాం.