ఉడుత పెంచిన కూజా మొక్క

అనగనగా మేఘములు కొమ్మలకు చుట్టుకొను ఒక కొండ అడవిలో మంజులిక అను ఆడ ఉడుత యుండెను. పిల్లలారా, ఆ కొండపై ఒక వింత మొక్క యుండెడిది. దాని ఆకుల కొనలు మూతగల కూజాలై వ్రేలాడుచుండెను. తేనెకు ఆశపడి వచ్చిన పురుగు లోపలికి జారినచో, మొక్కయే దానిని జీర్ణించుకొనును!

ఒక వానకాలమున కొండచరియ విరిగి ఆ మొక్కను మట్టిలో కలిపెను. అటువంటిది అడవిలో మఱొకటి లేదు. వెండ్రుకలవలె సన్నని దాని విత్తనములు మాత్రము మంజులిక తొఱ్ఱలో మిగిలెను. ఆమె మూడు వెదురు దొప్పలలో నాచు పరచి, విత్తనములను పైపైన చల్లి, వాననీటితో తడుపుచుండెను. రెండు నెలలకు ఆవగింజంత మొలకలు కనబడెను.

పొరుగున కంద పండించు కంటకుడను ఏదుపంది వచ్చి నవ్వెను.

"ఏమమ్మాయ్, వట్టి నాచులోనా? పసిపిల్లలను పస్తులుంచే తల్లిని నిన్ను తప్ప ఎక్కడా చూడలేదు! నా కందకు ఎంత పేడ వేస్తానో తెలుసా?"

మంజులిక నొచ్చుకొని మొదటి దొప్పలో పేడ వేసెను. వారము తిరుగక మునుపే మొలకలు నల్లబడి చచ్చెను.

"పేడ ఎక్కువైంది, అంతే. మా చెలమ నీళ్ళు పోసి చూడు. మంచి సారమున్న నీళ్ళు!"

రెండవ దొప్పలో పోసెను. అవియు వాడిపోయెను.

మూడవదానిలో ఒకే మొలక మిగిలెను. కంటకుడు ఈమారు బూడిద తెచ్చెను. "చిటికెడు చాలు, తల్లీ!"

మంజులిక దొప్పను గుండెకు హత్తుకొనెను. "వద్దు మామా. మీ కంద తినే కూడు వేరు. ఇది పుట్టిందే ఏ సారమూ లేని నేలలో. నేను వానకోసం ఎదురుచూస్తాను."

"ఎండిపోయాక నా దగ్గరకొచ్చి ఏడవకు మరి!"

మూడేండ్లు గడిచెను. అంతవఱకు మొక్కకు గింజలంత కూజాలే పుట్టినవి. ఒక ఉదయమున ఒక ఆకుకొన బొటనవ్రేలంత ఉబ్బి, ఎఱ్ఱబడి, నిండు కూజాయై నిలిచెను. మూత తనంతట తానే పైకి లేచెను. అంచున తేనె మెఱసెను. ఒక చీమ నడచివచ్చి, తొంగిచూచి, జాఱిపోయెను.

అప్పుడే అటు వచ్చి చూచిన కంటకుని ముళ్ళన్నియు నిక్కబొడుచుకొనెను.

"అమ్మాయ్... దీనికి అన్నం ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు మామా. తన గిన్నె తానే చేసుకొంది."

కంటకుడు ఆ చిన్న కూజా యెదుట చేతులు జోడించి, పొద్దెక్కువఱకు అట్లే కూర్చుండెను.

నీతి: మనకు తెలిసినది పెట్టుట పెంపకము కాదు, ఆ ప్రాణికి కావలసినదేదో తెలిసికొని, తక్కినది పెట్టకుండుటయే పెంపకము.