సర్వర్ పడిపోయిన శుక్రవారం

నర్సీపట్నం బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్ నడిపే సూర్యారావుకి అన్ని మాటలూ వచ్చు గాని, ‘తెలియదు’ అనే మాట మాత్రం నోటికి వచ్చేది కాదు. తెరమీద పేజీ రాకపోతే చాలు, కుర్చీలో వెనక్కి వాలి "సర్వర్ డౌన్" అనేవాడు. జనం తలూపి వెళ్లిపోయేవారు. ఆ మాటకి ఎదురు అడిగినవాళ్లు లేరు.

అవి ఇంకా అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు రాని రోజులు. ఆ శుక్రవారం సూర్యారావు ఎప్పటిలాగే పొద్దున్నే సెంటర్ కడిగించాడు. కంప్యూటర్లకి బొట్లు పెట్టాడు. మూలనున్న, టెలిఫోన్ వైరుతో ఇంటర్నెట్ తెచ్చే మోడెమ్‌ని కూడా ముందుకు లాగి, కుంకుమ పెట్టి, పువ్వు గుచ్చాడు.

కాసేపటికి చింతపల్లి బస్సు దిగి కాంతి, జానకి వచ్చారు. ఇద్దరూ పదో తరగతి స్నేహితురాళ్లు. ఏ పాలిటెక్నిక్ కాలేజీలు కావాలో ఇంటర్నెట్‌లో పెట్టుకోవడానికి ఆ సాయంత్రం అయిదుతో గడువు సరి. పెట్టకపోతే సీటు లేదు.

సూర్యారావు మీట నొక్కాడు. పేజీ రాలేదు.

"సర్వర్ డౌన్" అన్నాడు.

"మా ఇంటాయనకంటే ఎక్కువసార్లు పడిపోతాదేటయ్యా మీ సర్వరు" అంది కరెంటు బిల్లు కట్టడానికొచ్చిన ఒకావిడ, సంచీ సర్దుకుంటూ.

"మరి మా గడువో బాబాయ్?" అని అడిగింది జానకి.

"సర్వర్ పడిపోతే గడువు పెంచేస్తారులేమ్మా. రేపు రండి."

జానకి నమ్మింది. మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లిపోయింది. కాంతి మాత్రం బల్లమీదే కూర్చుంది. మూడు దాటాక ఆమె చిన్న ఫోను మోగింది. మాట్లాడి లేచింది.

"బాబాయ్, సర్వర్ ఒక్కో ఊరికీ ఒకటుంటాదా?"

"అందరికీ ఒకటే. ఎక్కడో హైదరాబాదులో ఉంటుంది. అందరి కంప్యూటర్లూ దాన్నే అడుగుతాయి."

"పాడేరులో మా బావ ఇప్పుడే కాలేజీలు పెట్టేశాడంట. వాళ్లకి పలికిన సర్వర్ మనకి పలకలేదంటే తప్పు దానిది కాదు. దానికీ మనకీ మధ్యలో ఉన్నదానిది."

సూర్యారావు గొంతు సవరించుకున్నాడు. "బ్యాండ్‌విడ్త్ చాలడం లేదు."

"అంటే?"

"దారి ఇరుకైందని."

"ఇరుకైతే నెమ్మదిగా రావాలి. అసలు రాకపోవడమేటి?"

"ఐపీ అడ్రస్ కుదరడం లేదమ్మా."

"అంటే?"

ఇన్నేళ్లలో ఆ చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. సూర్యారావు గోడమీద గడియారం చూశాడు, పిల్ల ముఖం చూశాడు.

"నాకు తెలీదు" అన్నాడు మెల్లగా.

"అయితే చూద్దాం పదండి" అంది కాంతి. ఆమె గొంతులో ఎగతాళి లేదు.

కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టి వైరు వెంట వేళ్లు జరుపుకుంటూ ఇద్దరూ మూలకి చేరారు. మోడెమ్ మీద పువ్వు వాడిపోయి ఉంది. దాన్ని తీస్తే కింద ఒక లైటు ఆరిపోయి కనిపించింది. వెనక టెలిఫోన్ వైరు ఊడి వేలాడుతోంది. పొద్దున బొట్టు పెట్టడానికి దాన్ని లాగినది సూర్యారావే. వైరు గుచ్చాడు. లైటు మిణుకుమిణుకుమని నిలబడింది. పేజీ వచ్చింది. అయిదు కొట్టేలోపు కాంతి తన కాలేజీలన్నీ పెట్టేసింది.

లేస్తూ అడిగింది. "జానకికి ఎలా చెప్తారు బాబాయ్? వాళ్ల ఊళ్లో ఫోన్లు పలకవు. హాల్ టికెట్టు కూడా దాని దగ్గరే ఉంది."

సూర్యారావు బస్టాండు వైపు చూశాడు. ఇప్పుడు కొండమీదికెళ్లే ఏ బస్సూ జానకిని గడువులోగా వెనక్కి తీసుకురాగలిగేది కాదు.

గడువు పెంచలేదు. మర్నాడు మొదటి బస్సుకే జానకి దిగింది. తలలో కనకాంబరాలు, చేతిలో హాల్ టికెట్టు.

"సర్వర్ లేచిందా బాబాయ్?" అంది నవ్వుతూ.

సూర్యారావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అది పడిపోలేదమ్మా. ఏమైందో నాకు తెలియక ఆ మాట అన్నాను. గడువు దాటిపోయింది."

జానకి నవ్వు అక్కడే ఆగిపోయింది. చదువు ఒక ఏడాది వెనక్కి పోయింది. ఆ పిల్ల హాల్ టికెట్టు మడిచి జాకెట్టులో పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది. ఆమె రోడ్డు దాటేదాకా సూర్యారావు కూర్చోలేకపోయాడు.

నీతి: తెలియనప్పుడు తెలియదని ఒప్పుకుంటే వెతకడం మొదలవుతుంది; పెద్ద మాటతో కప్పిపుచ్చితే మనల్ని నమ్మినవాళ్లే నష్టపోతారు.