దొర ఎత్తిన గడ్డపార

వెనకటికి వీరభూపతి అనే దొర, గుర్రపుశాలకు జాగా కావాలని, బుట్టలల్లేవాళ్ల ప్రార్థన గుడిని పడగొట్టడానికి కూలీలతో వచ్చాడు.

బుట్టలల్లే రాహేలు గుమ్మానికి అడ్డం నిలబడింది. "దొరా, ఈ గుడికి దేవదూత కాపలా ఉన్నాడు!"

కూలీలు జంకారు. దొర పకపకా నవ్వాడు. "కంటికి కనపడనివాడు లేనట్టే! కొట్టండ్రా!"

ఒక్కడూ కదల్లేదు.

"లేడని తమరికి గట్టిగా తెలుసు కదా. తొలి దెబ్బ తమరే వెయ్యండి," అంటూ రాహేలు పక్కకు తప్పుకుంది.

చుట్టూ జనం మూగారు. దొర గడ్డపార ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండి, గుడి కప్పు వైపూ గుమ్మం వైపూ బెదురుగా చూశాడు. చివరికి గడ్డపార కింద పడేశాడు.

"ఎవరైనా కనపడ్డారా దొరా?" అని అడిగింది రాహేలు.

"ఎవరూ కనపడలేదు!" అని అరిచాడు దొర.

"మాకూ కనపడడు దొరా. ఇలాగే కాపాడతాడు!"

జనం కేరింతలు కొట్టారు. దొర గుర్రపుశాలను తన కోట వెనకాలే కట్టుకున్నాడు.