వానదేవుణ్ణి సాగనంపిన రాజు

ఒకానొక రాజ్యంలో వానలు వేళకు కురిసేవి. అదంతా తన గొప్పతనమేనని ఆ రాజ్యాన్ని ఏలే మహీధరవర్మకు గట్టి నమ్మకం.

"మబ్బులు ఎన్ని రాజ్యాల మీదుగానో వస్తాయి కదా, మన దగ్గరే ఎందుకు ఆగుతాయో తెలుసా?" అని సభలో అడిగేవాడు. తెలియదన్నట్టు అందరూ తలలు అడ్డంగా ఊపేవారు. తెలుసంటే రాజు చిన్నబుచ్చుకునేవాడు మరి!

అలాగని మనిషి చెడ్డవాడు కాదు. ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవాడు. మర్యాద విషయంలో ఆయన్ని మించినవారు లేరు. ఏటా ఆషాఢంలో కోటగుమ్మం ముందు పూర్ణకుంభంతో నిలబడి, "మా నగరానికి అతిథిగా దయచేయండి" అని వరుణదేవుణ్ణి స్వయంగా పిలిచేవాడు.

ఆ వంశంలో ఇంకో ఆచారం ఉంది. పిలిచిన అతిథి వెళ్లిపోయేటప్పుడు రాజు చెప్పులు లేకుండా వెంట నడిచి, నగరం చివరున్న ఏటిదాకా సాగనంపాలి. అతిథి ఏరు దాటేదాకా వెనక్కి తిరగకూడదు, ఎంగిలి పడకూడదు. ఒకసారి పొరుగురాజుగారి మేనమామ ఏటి ఒడ్డున ఆగి తన చిన్ననాటి కబుర్లు మొదలుపెట్టాడు. మహీధరవర్మ ఎండలో మాడుతూ, ఆకలితో నకనకలాడుతూ, వాటన్నిటికీ ఊఁ కొట్టాడు గాని ఆచారం తప్పలేదు.

ఇంత మంచి రాజుకు ఒక సరదా పుట్టింది. ఏనుగెక్కి ఊరేగుతుంటే నగరంలో ప్రతి ఒక్కరికీ తను కనబడాలి! అందుకని కోట నుంచి ఏటి రేవుదాకా నిలువెత్తు రాళ్లు పేర్చి రాచబాట కట్టించాడు. చూడటానికి బాట దివ్యంగా ఉంది. అయితే అది పాత కాలువను అడ్డంగా పూడ్చేసింది. కోట ఉన్న గుట్ట మీద పడిన వాననీరంతా పూర్వం ఆ కాలువలోనే పడి, మగ్గాలవీధి పక్కగా పోయి ఏట్లో కలిసేది. ఇప్పుడు నీళ్లు రాచబాటదాకా వచ్చి, దారిలేక మగ్గాలవీధిలోకి మళ్లుతున్నాయి.

మగ్గాలవీధి వాళ్లవి గుంటమగ్గాలు. ఇంటి నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని గట్టు మీద కూర్చుని నేస్తారు. ఇంట్లోకి నీళ్లొస్తే ముందు నిండేది ఆ గుంటే. గుంట నిండితే మగ్గం ఆగినట్టే, పొయ్యి ఆరినట్టే.

ఒక వానాకాలమంతా అలా గడిచాక, ఆ వీధి పెద్ద చౌడమ్మ నలుగురినీ వెంటబెట్టుకుని సభకు వచ్చింది.

"దొరా! వానొస్తే చాలు, మేము నేసే చోట కప్పలు ఈదుతున్నాయి. ఆ బాట కింద కాస్త దారి చేయించు."

రాజు ఉలిక్కిపడ్డాడు. "రాచబాటకు గడ్డపార తగిలిస్తావా? అది నా వీపుకు తగిలినట్టే! మీకు నీళ్ల బాధ కదా? ఏటికి అవతల ఎత్తైన దిబ్బ ఉంది. ఈ ఏడు వానలు వెనకబట్టగానే మీ వీధంతా అక్కడికి వెళ్లిపోండి."

"ఆ దిబ్బ మీద పొడిగాలి దొరా! పడుగు మీద చెయ్యి వేయకముందే నూలు పుటుక్కున తెగుతుంది. అక్కడ మేమేం నేస్తాం, మా మొహం!" అంది చౌడమ్మ.

"రాజాజ్ఞ!" అన్నాడు రాజు.

సభలో విస్సన్న అనే చమత్కారి ఉన్నాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. ఆ రోజు నవ్వించే పని పక్కనపెట్టి లేచాడు.

"ప్రభూ, బాట తవ్వించడానికి ఏదైనా ఉపాయం ఉందంటారా?"

"ఉంది," అన్నాడు రాజు మీసం మీద చెయ్యి వేసి. "నా నోటితో నేనే 'తవ్వండి' అనాలి. అనను. నీకంత తెలివుంటే అనిపించు చూద్దాం. వానలు వెనకబట్టేలోగా అనిపించలేకపోయావో, వీళ్లతోపాటు నువ్వూ మూట కట్టుకుని దిబ్బెక్కాలి."

"మా ఆవిడకు దిబ్బగాలి పడదు ప్రభూ. కాబట్టి అనిపించక తప్పదు," అన్నాడు విస్సన్న.

ఆషాఢం వచ్చింది. రాజు పూర్ణకుంభం పట్టుకుని వరుణదేవుణ్ణి ఆహ్వానించాడు. కొద్దిరోజులకే మబ్బులు కమ్మి, తెల్లారింది మొదలు ఉరుములు మెరుపులతో వాన దంచికొట్టింది. రాజు మేడ మీద నిలబడి తను పిలిచిన వానను మురిపెంగా చూసుకుంటున్నాడు. విస్సన్న తడిసి ముద్దై వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, అతిథి వచ్చారు. గుట్టంతా తడిపారు, చెరువులు నింపారు. ఇక బయలుదేరుతున్నారు. తమరింకా మేడ మీదే ఉన్నారేమిటి?"

"ఎవరు బయలుదేరుతున్నది?"

"వరుణదేవులు! కోటగుమ్మంలోంచే పారుతూ వెళ్తున్నారు. తమరు పిలిచిన అతిథిని ఒంటరిగా పంపించేస్తే రేపు పొరుగురాజుల చెవిన పడదూ?"

రాజు పక్కనే ఉన్న పురోహితుడి వైపు చూశాడు. పురోహితుడు గడ్డం గోక్కుని, "పిలిచిన మాట నిజం. వచ్చిన మాటా నిజం. మరి సాగనంపాలి కదా..." అన్నాడు. అన్నాక, ఎందుకన్నానా అనుకున్నాడు.

మర్యాద అనేసరికి రాజు ఆగలేదు. చెప్పులు విడిచి, వెదురుగొడుగు కింద, పారే నీటి వెంట బయలుదేరాడు. గుట్ట దిగేదాకా నీళ్లు గలగలమంటూ ముందు నడిచాయి.

"ఎంత హుషారుగా వెళ్తున్నారో చూడు విస్సన్నా! మన మర్యాద బాగా నచ్చినట్టుంది," అన్నాడు రాజు.

రాచబాట దగ్గరకు రాగానే అతిథి ఆగాడు. రాళ్లకు కొట్టుకుని, సుడి తిరిగి, మగ్గాలవీధిలోకి మళ్లాడు.

రాజు బాట ఎక్కబోయాడు. "మనం రేవు దగ్గర ఉందాం. వారే వస్తారు."

"అతిథిని దారిలో వదిలి ముందు వెళ్లిపోవడమా ప్రభూ!" అని విస్సన్న చెవులు మూసుకున్నాడు.

చేసేదిలేక రాజు నీళ్ల వెంట వీధిలోకి నడిచాడు. నీళ్లు తిన్నగా చౌడమ్మ ఇంట్లోకి వెళ్లాయి. రాజూ వెళ్లాడు.

"రా దొరా, రా. పీట వేద్దామంటే అది ఇందాకే తేలుకుంటూ పోయింది," అంది చౌడమ్మ, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి. "అటు మాత్రం అడుగు వెయ్యబాక..."

అప్పటికే వేశాడు. బుడుంగుమని నడుములదాకా మునిగాడు.

"అయ్యో నాయనా, అది మగ్గం గుంట! ఎక్కడుందా అని పొద్దుటి నుంచీ నేనూ వెతుకుతున్నా!" చౌడమ్మ ఆయన రెక్క పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టింది. దండెం మీదున్న పొడి పంచె తీసి తల తుడిచింది. అమ్మ పోయాక రాజు తల అలా తుడిచినవారు లేరు. ఆయన తల వంచి తుడిపించుకున్నాడు.

కాసేపటికి ఆమె అటక మీది డబ్బాలోంచి వేయించిన శనగలు తీసిచ్చింది. రాజు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"అతిథి ఏరు దాటేదాకా ఎంగిలి పడకూడదమ్మా."

"అదా! అయితే మానెయ్యి," అని ఆమె తనే నోట్లో వేసుకుని పటపట నమలసాగింది.

వాన తగ్గింది. నీళ్లు తగ్గలేదు. పొద్దు వాలుతోంది. గుంటలో కప్ప ఒకటి తల పైకెత్తి రాజును చూసి బెకబెకమంది. రాజు కడుపులో కూడా దాదాపు అదే చప్పుడు.

"ఏమమ్మా, ఈ... వీరు మామూలుగా ఎప్పుడు వెళ్తారు?" అన్నాడు నెమ్మదిగా.

"ఎవరు, ఈ నీళ్లా? పోయినేడు దసరాదాకా ఉన్నాయి."

"దసరాదాకానా!"

"మధ్యలో ఇంకా వానొస్తే దీపావళి. మా మనవరాలు పెళ్లికి పెట్టుకున్న చీర ఇదిగో, మగ్గం మీదే బూజు పట్టింది."

రాజు లేచి ఆ చీర అంచు చేత్తో తాకి చూశాడు. ఎర్రటి అంచు మీద నల్లటి మచ్చలు. ఆయన మొహం మారిపోయింది. "విస్సన్నా, ఏమిటిది? మన అతిథి ఇలా పరాయి ఇంట్లో చేరి కదలడేం?"

"ఎలా కదులుతారు ప్రభూ? వచ్చే దారిలో పూర్ణకుంభం పెట్టారు, వెళ్లే దారిలో బాట కట్టారు. పాపం, ఆయనకూ వెళ్లాలనే ఉంది. అటు రాళ్లను అడిగి, ఇటు ఈవిడ గుంటను అడిగి, దారి దొరక్క ఇక్కడే నిలబడ్డారు."

"అయితే ఆ దారి తెరవండి!"

"ఏమన్నారు ప్రభూ? కప్పల గోలలో వినబడలేదు."

"తవ్వండి అంటున్నాను! ఆ బాటను తవ్వండి!"

"నాకు బాగా వినబడింది," అంది చౌడమ్మ, నోట్లో శనగలతోనే.

రాజు నాలుక కరుచుకున్నాడు. విస్సన్న మొహం చూశాడు, తడిసిన తన పంచె చూసుకున్నాడు, కప్పను చూశాడు. పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి మళ్లీ గుంటలో పడబోతే చౌడమ్మే పట్టుకుంది.

వీధి వీధంతా గడ్డపారలు పట్టుకుని ఉరికింది. మొదటి రాయి రాజే పెళ్లగించాడు. పాత కాలువ నోరు తెరుచుకోగానే నీళ్లు బుసకొడుతూ అటు దూకాయి. రాజు వాటి వెంట ఏటిదాకా పరుగులాంటి నడకతో వెళ్లాడు.

ఏటి ఒడ్డున ఆగి, "గెలిచావు విస్సన్నా! వీళ్లెవరూ దిబ్బెక్కనక్కర్లేదు. నీకేం కావాలో కోరుకో," అని తన మెడలోని హారం తీసి అతని మెడలో వేశాడు.

"ఇది ఉంచుకుంటాను ప్రభూ. ఇంకొకటి కోరుకుంటాను. ఆ తవ్విన చోట బాట కింద మనిషి వంగి నడిచేంత తూము కట్టించండి. మిగతా వీధుల కాలువలు కూడా ఎక్కడెక్కడ పూడాయో వెతికి తీయించండి. ఏటా వరుణదేవుణ్ణి పిలిచే ముందు ఆ తూములోని ఒండ్రు మొదటి తట్ట తమరే ఎత్తండి."

"నేనా? తట్టా?"

"అతిథి వచ్చేముందు ఇల్లు ఊడవమా ప్రభూ?"

రాజు మళ్లీ నవ్వి సరేనన్నాడు. ఆ ఏడాదే తూము కట్టారు. బాట మీద ఏనుగు ఎప్పటిలాగే నడిచింది, కింద నీళ్లు వాటి దారిన అవి పోయాయి. చౌడమ్మ మనవరాలు కొత్త చీరతోనే పెళ్లిపీటలెక్కింది.

అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం రాజు ఏటి ఒడ్డున తడి బట్టలతో, చేతులు జోడించి, పారిపోతున్న నీళ్లతో "వెళ్లి రండి" అన్నాడు. వెంటనే అనుమానం వచ్చి విస్సన్న చెవిలో అడిగాడు:

"'రండి' అనొచ్చా?"

"దారి ఉందిగా ప్రభూ," అన్నాడు విస్సన్న. "ఇక ధైర్యంగా అనండి."