ఖాళీ పలుపు

ఆ రాజు ఎవరో, ఆ రాజ్యం ఏమైపోయిందో ఇక్కడ చెప్పబోవడం లేదు. చెప్పదలచినది కుమ్మరి పేరమ్మ కుండలు చేసే సారె సంగతి మాత్రమే.

కోట పనికి ఊళ్లోని ఎద్దులన్నిటినీ తోలుకురమ్మని ఆజ్ఞ అయింది. లెక్కల అధికారి భాస్కరామాత్యుడు ఇళ్ల పట్టీని, ఎద్దుల పట్టీని జతచేసి, ఎద్దుకొక వరుస రాయించాడు. ఎద్దులేని ఇల్లు తప్పిపోకూడదని దానికీ ఒక వరుస రాయించి, ఎద్దు చోటు ఖాళీగా వదిలించాడు. తీరా ఎద్దులను కాక వరుసలను లెక్కించాడు. అలా ఎద్దులేని పేరమ్మకు ఒక ఎద్దు పుట్టింది.

"లేని ఎద్దును ఎక్కణ్ణించి తేనయ్యా?"

"పట్టీలో ఉంది. తెచ్చేదాకా నీ సారె మా దగ్గరే ఉంటుంది" అని అధికారి భటులచేత సారె ఎత్తించుకుపోయాడు.

మరునాడు పేరమ్మ కొలువులో, రాజు ఎదుటే, ఎద్దును కట్టే పలుపు ఖాళీగా తెచ్చి అధికారి చేతిలో పెట్టింది.

"ఇదిగో ఎద్దు. జాగ్రత్తగా పట్టుకోండి, పొడుస్తుంది."

"ఎద్దేదే?"

"నిన్న తమరి కంటికి కనబడిందే, అదే!"

"వట్టి పలుపు తెచ్చి వేళాకోళమా? నీకసలు ఎద్దే లేదు!" అని అధికారి అరిచాడు.

పేరమ్మ రాజువైపు తిరిగింది. "విన్నారా ప్రభూ! మరి నా సారె ఏ ఎద్దుకు బదులుగా పట్టుకుపోయినట్టు?"

రాజు నవ్వలేదు. సారె తిరిగి ఇప్పించి, పట్టీలో ఖాళీ చోట్లు ఎన్ని ఉన్నాయో అన్ని ఎద్దులనూ అధికారినే తెమ్మన్నాడు.

నెల తిరిగాక పేరమ్మ ఆ అధికారికి ఉత్తరం రాయించింది: "ఎద్దును తమరే ఉంచుకుని, నా పలుపు పంపించండి."