మా బ్యాండు బండి బ్రేకు

తెలివిలో మా ఇంటిని మించిన ఇల్లు మా పేటలో లేదు. ఈ మాట మేం ముగ్గురమే అంటాం. మిగతావాళ్ళకి అనే తీరిక దొరికినట్టు లేదు. మా అన్న పైడయ్య డ్రమ్ములు వాయిస్తాడు, వదిన నూకాలు తాళాలు, నేను క్లారినెట్. పెళ్ళిళ్ళకి మేళం మాదే. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఒక మాట ఎక్కువ చెయ్యం, ఒక మాట తక్కువ చెయ్యం. అదే మా తెలివి.

మాకో పాత పికప్ బండి ఉంది. వయసు మీద పడి దానికి కోపం ఎక్కువైంది. బ్రేకు మీద బొటనవేలు ఆనిస్తే చాలు, వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డంగా జారేది. ఒకసారి కోడి అడ్డమొచ్చిందని అన్న బ్రేకు ముట్టుకున్నాడు. అంతే, వెనక నిలబడ్డవాణ్ణి నేను క్లారినెట్‌తో సహా వచ్చి క్యాబిన్ మీద కూర్చున్నాను. కోడి మాత్రం నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఈ బండి మూలాన అప్పటికే రెండు పెళ్ళిళ్ళకి ఆలస్యంగా వెళ్ళాం. ఎల్లుండి గొల్లపాడులో పెళ్ళి. అది కూడా చెడితే ఇంక మమ్మల్ని పిలిచేవాళ్ళుండరు. అందుకని అన్నా, నేనూ మెకానిక్ కాశిం షెడ్డుకి వెళ్ళాం. ఆయన లారీ కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనిపించాయి. కాళ్ళకే నమస్కారం పెట్టి సంగతి చెప్పాం. ఈరోజు కుదరదు, రేపు వస్తానన్నాడు. అంత తొందరైతే మమ్మల్నే చేసుకోమన్నాడు. డ్రమ్ములు విప్పి లోపల ఆయిల్ ఉందేమో చూడాలట, షూలు అరిగితే మార్చాలట, చివర్లో గాలి తీసెయ్యాలట.

ఈమాత్రానికి మెకానిక్ ఎందుకని నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. అన్న తన డ్రమ్ములు రెండూ ముందేసుకుని తోలు విప్పాడు. లోపల ఆయిల్ లేదు, ఒక బొద్దింక ఉంది. ఉందేమో చూడమన్నారంటే ఉండాలి కాబట్టే కదా అంది వదిన. ఇంకేముంది, వంటింట్లో ఉన్న ఆయిల్ ప్యాకెట్ కత్తిరించి రెండింటికీ సమంగా పోసింది. తర్వాత షూలు చూశాం. అన్నవి మడమల దగ్గర అరిగాయి, నావి వేళ్ళ దగ్గర. మార్చమన్నారు కాబట్టి అన్నవి నేనూ, నావి అన్నా వేసుకున్నాం. అన్న పాదం నాకంటే రెండంగుళాలు పొడుగు. కుంటుకుంటూనే వెళ్ళి నాలుగు చక్రాల గాలీ తీసేశాడు. స్టెప్నీ ఏం పాపం చేసిందని దానిదీ తీశాడు.

బండి కదల్లేదు. కదలని బండి జారదు కాబట్టి బాగైపోయిందనే అనుకున్నాం. వదిన నాలుగిళ్ళకీ వెళ్ళి చెప్పొచ్చింది కూడా.

మర్నాడు కాశిం వచ్చాడు. చక్రాలు చూశాడు, డ్రమ్ములు చూశాడు, అన్న కాళ్ళు చూశాడు. మెట్టు మీద కూలబడ్డాడు.

"డ్రమ్మంటే చక్రంలో ఉండే ఇనప డొప్ప, పైడయ్యా," అన్నాడు. "దాన్ని లోపల్నించి పట్టి ఆపేవి షూలు. గాలంటే బ్రేకు గొట్టాల్లో గాలి."

రెండేసి వస్తువులకి ఒకే పేరు పెట్టడం మా తప్పెలా అవుతుందో మాకు అర్థం కాలేదు.

ఆయనే చక్రాలు విప్పి చూపించాడు. వెనక ఎడమ చక్రంలో బ్రేకు ఆయిల్ కారి షూ మీద పడిందట. ఆ జిడ్డుకే షూ టక్కున పట్టేసి వదలట్లేదట. ఆయిల్ ఉంటుందని నేను ముందే అన్నానంది వదిన. కాశిం ఆ కారుడు ఆపి, కొత్త షూలు వేసి, గొట్టాల్లో గాలి తీసి, చక్రాల్లో గాలి కొట్టాడు. ఇప్పుడు బ్రేకు ఎంత తొక్కితే అంతే పడుతోంది. కొత్త షూలు కదా, ఎక్కడా ఉన్నట్టుండి ఆపొద్దు, మెల్లమెల్లగా తొక్కుతూ ఆపండని చెప్పి వెళ్ళాడు.

డ్రమ్ములు తుడిచి, తోలు బిగించి, పెళ్ళినాడు వేళకే బయల్దేరాం. గొల్లపాడులో మలుపు తిరగ్గానే పందిరి ఎదురైంది. ఇప్పుడు ఆపితే ఉన్నట్టుండి ఆపినట్టే. అన్న మెల్లమెల్లగా తొక్కుతూ ముందుకే పోనిచ్చాడు. పెళ్ళివారు చేతులూపారు, మేమూ ఊపాం. కొందరు వెనకాలే పరిగెత్తుకొచ్చారు. ఎంత మర్యాదస్తులో అనుకున్నాం. ఊరు దాటి, ఏటిగట్టు ఎక్కాక బండి ఆగింది.

ఫోను మోగింది. పెళ్ళికూతురి తండ్రి. "పెళ్ళికొడుకు వాకిట్లో నిలబడ్డాడయ్యా. ముగ్గురూ బండి మీద నుంచే వాయించుకుంటూ రండి," అన్నాడు.

ముగ్గురూ అన్నాడు. అన్న బండిని పందిరి వైపు తిప్పాడు. గేరు తీశాడు, హ్యాండ్ బ్రేకు వదిలాడు, గబగబా దిగి డ్రమ్ము మెడలో వేసుకుని బండి వెనక మా పక్కకి ఎక్కేశాడు. గట్టు మీంచి పల్లం. బండి దానంతటదే కదిలింది. అంత హుషారుగా మేం ఎప్పుడూ వాయించలేదు. జనం అటూ ఇటూ తప్పుకుని దారిచ్చారు. పెళ్ళికొడుకు అరుగెక్కాడు. సగం దారిలో వదిన, తాళాలు ఆపకుండానే, బండి ఎవరు నడుపుతున్నారని అడిగింది. అన్న వంగి క్యాబిన్‌లోకి చూశాడు. ఎవరూ లేరు.

"బ్రేకు బాగైంది కదే, ఇంకా భయమెందుకు," అన్నాడు.

అంతే, బండి పందిరిని రాసుకుంటూ పోయి పక్కనున్న గడ్డివాములో దూరింది. వాము మా మీదికి కూలింది. కళ్ళు కనపడవు, ముక్కుల నిండా గడ్డి. బయట జనం మా కోసం గడ్డి పీకుతున్నారు. మేం మాత్రం వాయిస్తూనే ఉన్నాం. వాయించుకుంటూ రమ్మన్నారు, వచ్చాం. ఆపమని ఇంకా ఎవరూ అనలేదు.