ఇంగా పచ్చిగానే ఉండాది

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల ఎక్కని రోజుల్లో, తీతువుకొండ అని ఒక కొండ. కొండ మీద కోట. కోట అడుగున చెర. చెర అంటే తెలుసు కదా, రాతి గోడలు, ఇనుప సంకెళ్ళు, ఎండ చొరబడని గదులు. ఆ చెరలోకి వెళ్ళినవాడి పేరు ఊళ్ళో ఎవరూ ఎత్తేవారు కాదు. కన్నతల్లి కూడా గొంతు తగ్గించుకుని ఏడ్చేది.

అలాంటి చోటికి రోజూ తనంతట తానే నడిచి వెళ్ళే మనిషి ఒకతె ఉండేది. పేరు ఓబులమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. నడివయసు దాటింది. ఒక చేతిలో వేపాకు నీళ్ళ ముంత, ఇంకో చేతిలో ఉతికి ఆరేసిన పాతగుడ్డల మూట, కొంగున గాయపాకు. సంకెళ్ళు ఒరుసుకుని ఖైదీల కాళ్ళు పుండ్లు పడేవి. వాటిని కడిగి, ఆకు పసరు పిండి, కట్టు కట్టడం ఆమె పని. అందుకని ఆమెను కట్ల ఓబులమ్మ అనేవారు.

ఖైదీ ముందు కూర్చోగానే ఆమె అడిగేది ఒకటే మాట. "యాడ నొప్పి నాయనా?" వాడు చేసిన నేరం చెప్పబోతే, "అది నేను కడిగేది కాదులే, కాలు ఇట్ల పెట్టు" అనేది.

ఆమెను బాగా ఎరిగినవాడు కదిరప్ప. ఆ కోటకు అతను తలారి, అంటే ఉరి తీసేవాడు. తండ్రిదీ అదే పని, తాతదీ అదే పని. ఆ పని పక్కన పెడితే చాలా మెత్తని మనిషి. దారిలో కోడిపిల్ల అడ్డొస్తే అది దాటేదాకా నిలబడేవాడు. ఓబులమ్మను అక్కా అని పిలిచేవాడు. రోజూ పొద్దున్నే చెర గుమ్మం దగ్గర నిలబడి ఆమెను ఒక మాట అడిగేవాడు.

"మానిందా అక్కా?"

తన పని మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషి ఒక్కడైనా ఉన్నాడని ఓబులమ్మ మురిసిపోయేది. ఎందుకు అడుగుతున్నాడో చెప్పడానికి కదిరప్పకు నోరు వచ్చేది కాదు.

ఉరిశిక్ష పడినవాళ్ళలో మొదట ఆమె చేతికి వచ్చినవాడు గుర్రాల దొంగ నరసిగాడు. మడమ పైన బెత్తెడు పుండు. తొమ్మిది రోజులు కడిగింది, తొమ్మిది రోజులు కట్టింది. పదో రోజు కదిరప్ప "మానిందా అక్కా?" అంటే, "మానింది! చూడు, ఎంత బాగా మానిందో!" అంది ఓబులమ్మ. మర్నాడు ఆకు తీసుకుని వస్తే గదిలో ఎవరూ లేరు. సంకెళ్ళు నేల మీద పడున్నాయి.

"యాడికి పోయినాడు?" అని అడిగింది.

కదిరప్ప తల దించుకున్నాడు. "నువ్వే కదక్కా మానిందంటివి."

అప్పుడు చెప్పాడు ఆ కోట కట్టడి. ఒంటి మీద పచ్చిపుండు ఉన్నవాణ్ణి ఉరి తీయకూడదు. మానాకే తీయాలి. చంపబోయేవాడి ఒళ్ళు మాత్రం నిక్షేపంగా ఉండాలట, దొరల మర్యాద చూశారా! మానిందో లేదో తలారి గాని దొర గాని కట్టు విప్పి చూడకూడదు. కట్టు కట్టిన మనిషి మాటే సాక్ష్యం. ఆమె మానిందంటే మానినట్టు. ఆమె లేదంటే లేనట్టు.

ఓబులమ్మ గుమ్మంలోనే కూలబడింది. ముంత ఒలికిపోయింది.

రెండోవాడు ముసలాయన, పేరు గిడ్డయ్య. ఓబులమ్మ పుండు కడగకుండా చేతులు ముడుచుకుని కూర్చుంది. "మాన్పితే నిన్ను చంపుతారు తాతా" అంది. గిడ్డయ్య నవ్వాడు. "తెలుసు తల్లీ. కానీ ఈ సలుపు ఓర్చుకోలేను. ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోయి చస్తాను, మాన్పు" అన్నాడు. ఏడుస్తూనే కడిగింది, ఏడుస్తూనే కట్టింది. మానిన రోజున కదిరప్ప అడిగితే ముంత సర్దింది, గుడ్డలు మడిచింది. చివరికి "మానింది" అంది. ఆ రోజు కదిరప్ప ఇంటికి పోయి అన్నం ముట్టలేదు.

మూడోవాడు మారెన్న, గొర్రెల కాపరి. పట్టుమని పాతికేళ్ళు లేవు. ఒక రెడ్డిగారి మనిషిని చంపాడని నింద. చంపిన రోజున మారెన్న మూడు ఊళ్ళ అవతల మందతో ఉన్నాడు. చూసిన మనుషులూ ఉన్నారు. కోట దొర వాళ్ళ మాట చెవిన పెట్టలేదు. ఇక వినాల్సింది రాజే. రాజు ఉండేది నెలన్నర నడిస్తే గాని రాని పట్నంలో. మారెన్న పెళ్ళాం సుంకమ్మ ఆ పట్నానికి నడుచుకుంటూ బయలుదేరింది. పోను నెలన్నర, రాను నెలన్నర. అన్నాళ్ళు మారెన్న బతికి ఉండాలి.

"మాన్పొద్దు అవ్వా" అని మారెన్న ఓబులమ్మ చేతులు పట్టుకున్నాడు. "కుళ్ళిపోతే కుళ్ళిపోనీ. సుంకమ్మ వచ్చేదాకా నేనుండాల."

గుమ్మం బయట కదిరప్ప అంతా వింటున్నాడు. ఓబులమ్మ మారెన్న కాలు ఒళ్ళోకి తీసుకుంది.

"పిచ్చోడా, కాలు కుళ్ళితే జ్వరమొస్తాది. సుంకమ్మ వచ్చేసరికి నువ్వే ఉండవు. నా చెయ్యి అబద్ధమాడలేదు నాయనా. నోరు ఆడతాదిలే."

మామూలుగానే కడిగింది. మామూలుగానే కట్టింది. నెల తిరక్కుండానే పుండు మానిపోయింది. మానిన కాలికి కూడా రోజూ కొత్త గుడ్డ కట్టి బయటికి వచ్చేది.

"మానిందా అక్కా?"

"ఇంగా పచ్చిగానే ఉండాది."

కదిరప్ప గదిలోకి తొంగి చూస్తే, మారెన్న రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడి దోమలు తోలుకుంటూ ఉండేవాడు. చూసి కూడా చూడనట్టు వెళ్ళి దొరకు చెప్పేవాడు. "ఇంగా పచ్చిగానే ఉండాదంట దొరా."

ఒక నెల అయింది. రెండు నెలలు అయింది. దొరకు ఒళ్ళు మండింది. "కట్టు విప్పి చూడలేవా?" అని అరిచాడు. "నేనూ చూడకూడదు, తమరూ చూడకూడదు దొరా. తమ తాతగారు పెట్టిన కట్టడి" అన్నాడు కదిరప్ప వినయంగా. దొర పళ్ళు నూరుకున్నాడు. తాత కట్టడి దాటితే తన గద్దె కూడా కదులుతుంది మరి.

మూడో నెల దాటాక సుంకమ్మ వచ్చింది. కాళ్ళు వాచిపోయి, మనిషి సగమై వచ్చింది. రొంటిన రాజుగారి తాటాకు ఉంది. మారెన్నను వదిలిపెట్టమని అందులో రాసి ఉంది. చెర చెరంతా ఏడ్చింది, నవ్వింది. దొరకు ఇష్టం లేకపోయినా రాజాజ్ఞ కాబట్టి తనే దిగి వచ్చాడు. కమ్మరి వచ్చి సంకెళ్ళు విరగ్గొట్టాడు. సంకెళ్ళతో పాటు కట్టు కూడా ఊడి పడింది.

కట్టు కింద పుండు లేదు. కొత్తగా వచ్చిన చర్మం కూడా పాతబడి కాలి రంగులో కలిసిపోయింది.

దొర వంగి చూశాడు. లేచి ఓబులమ్మను చూశాడు. కదిరప్ప ఆమె పక్కకు జరిగి, "మొన్ననే మానిందని చెప్పక్కా" అని గొణిగాడు.

"ఎన్నాళ్ళయింది మాని?" అన్నాడు దొర.

"రెండు నెలల పైనే దొరా" అంది ఓబులమ్మ. "ఈయప్పను అడగొద్దు. ఆయనకేమీ తెలీదు. నేను చెప్పిందే చెప్పినాడు."

అలా కదిరప్పను కాపాడింది. తనను కాపాడుకోలేదు. తప్పుడు సాక్ష్యానికి ఉరి. మారెన్నను వదిలారు, అవే సంకెళ్ళను అతికించి ఆమె కాళ్ళకు వేశారు. మారెన్నా సుంకమ్మా కాళ్ళ మీద పడి ఏడుస్తుంటే, "మంద ఎట్లుందో ఏమో, పోండి ముందు" అని కసిరి పంపించింది.

పదిరోజులకు ముహూర్తం పెట్టారు. ముసలి చర్మం ఇనుముకు ఏం ఆగుతుంది! మూడో రోజుకే ఒరుసుకుపోయి పుండు పడింది. పచ్చిపుండు మనిషిని ఉరి తీయకూడదు. కానీ ఆమెకు కట్టు కట్టేది ఎవరు?

కదిరప్ప కట్టాడు. కట్టు కట్టే మనిషి తలారి కాకూడదని కట్టడిలో లేదు. తాతల నాటి నుంచి అతని చేతులకు వచ్చిన ముడి ఒక్కటే, బిగుసుకునే ముడి. "వదులుగా కట్టు నాయనా, రక్తం తిరగాల" అని ఓబులమ్మ నేర్పింది. ఆకు ఎలా నలపాలో నేర్పింది, నీళ్ళు ఎంత కాగాలో నేర్పింది. మారెన్న వారం వారం గాయపాకు కోసుకొచ్చి కోట గుమ్మం దగ్గర ఇచ్చి పోయేవాడు. ఇప్పుడు కట్టు కట్టే మనిషి కదిరప్పే కాబట్టి, దొర పొద్దున్నే అతన్నే అడిగేవాడు.

"మానిందా?"

"ఇంగా పచ్చిగానే ఉండాది దొరా."

మానిన తర్వాత కూడా ఇదే మాట చెప్పాలని కదిరప్ప ఎప్పుడో నిశ్చయించుకున్నాడు. ఏళ్ళ తరబడి చెప్పడానికైనా సిద్ధపడ్డాడు. కానీ పుండు మానలేదు. కడిగాడు, కట్టాడు, మొక్కాడు. ఎర్రగా ఉన్నది నల్లబడింది. వాపు మోకాలికి ఎక్కింది. రోజూ దొర ముందు నిలబడి నిజమే చెప్పాల్సి వచ్చేది.

ఒకనాడు కట్టు విప్పి చూసి, అక్కడే ఆమె పాదాల మీద తల పెట్టి ఏడ్చాడు. "ఒక్కనాడన్నా నన్ను అబద్ధం ఆడనీయక్కా" అన్నాడు.

ఓబులమ్మ అతని తల మీద చెయ్యి వేసింది. "బాగా కడతాండావు నాయనా. నొప్పి లేదు" అంది. ఆమె ఆడిన చివరి అబద్ధం అదే.

మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి ఆమెలో ప్రాణం లేదు. కదిరప్ప నీళ్ళు కాచాడు. పుండు కడిగాడు. ఆకు పెట్టి, కొత్త గుడ్డతో వదులుగా కట్టు కట్టాడు. తర్వాత దొర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మానిందా?"

"ఇంగా పచ్చిగానే ఉండాది దొరా" అన్నాడు. మళ్ళీ జన్మలో ఉరితాడు ముట్టలేదు.

ఇప్పుడు ఆ కోట లేదు, ఆ దొరలు లేరు. తీతువుకొండ చుట్టుపక్కల ఊళ్ళలో మాత్రం ఎవరికి దెబ్బ తగిలినా, మానిందా అని అడిగితే "ఇంగా పచ్చిగానే ఉండాది" అనే చెబుతారు. పూర్తిగా మానినా అదే మాట. పని తప్పించుకోవడానికి పిల్లలు కూడా మోకాలికి గుడ్డ చుట్టుకుని అదే చెబుతారు, దొంగ వెధవలు. పెద్దవాళ్ళకు తెలుసు. తెలిసినా ఆ ఊళ్ళలో ఎవరి కట్టూ ఎవరూ విప్పి చూడరు. "సరే, ఇయ్యాళ ఉండు నాయనా" అని వెళ్ళిపోతారు.